అందరి తర్వాత ఆమేన్ అన్న సీలయ్య

అనగా అనగా, గుడికి ఇంకా గంట రాని రోజుల్లో, విరిగిన రైలు పట్టా ముక్కను వేపకొమ్మకు వేలాడగట్టి, సుత్తితో కొట్టి సంఘాన్ని పిలుచుకునే రోజుల్లో, ఈతలవాగు అనే పల్లె ఉండేది. పల్లెలో మట్టిగోడల గుడి ఉండేది. ఆ గుడికి దైవాధీనం అయ్యగారు ఉండేవారు. పాస్టరుగారు అని ఇప్పుడంటున్నారు. అప్పుడు అందరికీ అయ్యగారే.

దైవాధీనం అయ్యగారి ప్రార్థన అంటే మాటలా? కళ్లు మూసి చేతులెత్తారంటే ఆకాశం దగ్గర మొదలుపెట్టేవారు. కొండలు దిగేవారు, వాగు దాటేవారు, పల్లెలోకొచ్చి ఇంటింటి గుమ్మం ముందూ ఆగేవారు. చంటిపిల్ల కడుపునొప్పి దగ్గర్నుంచి చింతచెట్టు కాపు దాకా ఏదీ వదిలేవారు కాదు. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చిన ఆడవాళ్లు మాడువాసన వస్తున్నా లేచేవారు కాదు. ఎవరి పేరు వినపడితే వాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. ఆ ప్రార్థన వినడానికి మూడు ఊళ్ల జనం నడిచొచ్చేవారు.

ఆ సంగతి అయ్యగారికి తెలుసు. బాగా తెలుసు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడితే, “ఎంత బాగా అడిగారయ్యా దేవుణ్ని” అనేవారు జనం. “నాదేముందమ్మా, అంతా ఆయనదే” అనేవారు అయ్యగారు. అని, ఇంకెవరైనా అంటారేమోనని ఇంకాసేపు అక్కడే నిలబడేవారు.

ఆ పల్లెలోనే సీలయ్య ఉండేవాడు. కొండకు పోయి చీపురుగడ్డి కోసుకొచ్చి, చీపుర్లు కట్టి అమ్ముకునే మనిషి. చదువు లేదు, పాట రాదు. “నువ్వొకసారి ప్రార్థన చెయ్యి సీలయ్యా” అని ఎవరన్నా అడిగితే, “నాకు రాదయ్యా” అని తల అడ్డంగా ఊపేవాడు. గుడిలో అందరికంటే వెనక, గుమ్మం వారగా కూర్చునేవాడు. అతనికి వచ్చింది ఒకటే మాట. ఆమేన్.

ఆ ఒక్క మాటా అందరిలా అనేవాడు కాదు. అయ్యగారి ప్రార్థన అయిపోగానే జనమంతా నెత్తిమీద మోపు దించినట్టు ఒక్కసారిగా ఆమేన్ అనేసి, చీరలు దులుపుకుంటూ లేవబోయేవారు. అప్పుడు సీలయ్య ఇంకా తల వంచుకునే ఉండేవాడు. ఒక గుక్క మంచినీళ్లు మింగేంతసేపు ఆగేవాడు. ఆగి, ఆమేన్ అనేవాడు. అందరి తర్వాత అనేవాడు. ఒక్కడే అనేవాడు. మెల్లగా అనేవాడు.

మొదట్లో జనం నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత ఆగడం మొదలుపెట్టారు. ఎందుకు ఆగారో చెబుతాను, వినండి.

సువార్తమ్మ గేదె ఈనలేక పడిపోయింది. ఉన్నది ఆ ఒక్క గేదే. ఆమె గుడికి పరుగెత్తుకొచ్చి అయ్యగారి కాళ్ల దగ్గర కూలబడింది. అయ్యగారు ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. సీలయ్య ఆమేన్ అన్నాడు, అందరి తర్వాత, ఒక్కడే, మెల్లగా. తెల్లారేసరికి, పశువుల వైద్యం తెలిసిన గొల్లాయన పక్కూరి నుంచి వచ్చి సువార్తమ్మ దొడ్లో నిలబడి ఉన్నాడు. ఎవరు పిలిచారో ఆమెకు తెలియదు. దూడ పడింది, గేదె లేచింది.

ఇస్సాకు ఇంటి గోడ వానకు కూలింది. అయ్యగారు ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. సీలయ్య ఆమేన్ అన్నాడు, అందరి తర్వాత, ఒక్కడే, మెల్లగా. తెల్లారేసరికి ఇస్సాకు వాకిట్లో గోడకు కావలసిన బురదంతా తొక్కి, కుప్పచేసి ఉంది. దేవదూత వచ్చి తొక్కిపోయాడన్నారు జనం.

సంఘపెద్ద మోషే, తన తమ్ముడితో గట్టు తగాదా పెట్టుకున్నాడు. తానే గెలవాలని ప్రార్థన చేయమన్నాడు. అయ్యగారు చేశారు. పెద్దమనిషి గదా, కొంచెం పొడుగ్గానే చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. సీలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ఒక గుక్క మింగేంతసేపు గడిచింది. రెండు గుక్కలు గడిచాయి. సీలయ్య నోరు మెదపలేదు. మోషే మొహం మాడిపోయింది. ఇంటికెళ్లి అన్నం సహించక, నిద్ర పట్టక, ఆ వారంలోనే తమ్ముడి గట్టు తమ్ముడికి వదిలేశాడు.

అప్పట్నుంచి పల్లెకు ఒక చెవి అయ్యగారి వైపు, ఒక చెవి గుమ్మం వైపు అయింది.

ఒకరోజు సువార్తమ్మ వచ్చింది. “అయ్యగారూ, సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మీరు రావాల. వచ్చేటప్పుడు సీలయ్యను గూడా తీసుకురాండి” అంది. అయ్యగారు నవ్వి సరేనన్నారు. ఆ రోజు ఆయనలో కుళ్ళు పుట్టింది. పుస్తకాల్లో దాన్ని అసూయ అంటారు. మా ఇళ్లలో కుళ్ళు అనే అంటాం. ఆ మాటైతేనే దాని వాసన తెలుస్తుంది.

ఇంకోరోజు ఇస్సాకు వచ్చాడు. “అయ్యగారూ, పిల్లోడికి అన్నప్రాసన ప్రార్థన. సీలయ్య ఊళ్లో ఉన్నాడా?” అన్నాడు. “లేడు, సంతకు పోయాడు. నేను ఉన్నాగా” అన్నారు అయ్యగారు. ఇస్సాకు తల గోక్కున్నాడు. “అయితే రేపు పెట్టుకుందాంలే అయ్యగారూ” అన్నాడు. ఆ రోజు కుళ్ళు పాకింది.

మరోరోజు ఎక్కడో దూరపు ఊరాయన, చెమటలు కక్కుతూ వచ్చి, వేపచెట్టు కింద నిలబడ్డ అయ్యగారినే అడిగాడు. “బాబూ, సీలయ్యగారి గుడి ఇదేనా?”

ఆ రోజు కుళ్ళు లేచి నడిచింది.

పాపం, ఆయన బాధ ఊరికే వచ్చింది కాదు. చిన్నప్పట్నుంచీ ఆయనకున్నదల్లా మాటే. పొలం లేదు, పాడి లేదు, పిల్లలు పుట్టలేదు. మాట ఉంది. ఆ మాట విని మనుషులు ఏడుస్తారు, ఊరటపడి ఇంటికెళతారు. ఇన్నేళ్లూ ఆయన బతికింది దానికోసం. ఇప్పుడు చీపుర్లు కట్టుకునేవాడి ఒక్క మాట తన వెయ్యి మాటల మీద కూర్చుంది. ఎట్టా నిద్రపడుతుంది?

ప్రార్థన చేస్తూ ఒక కన్ను తెరవడం మొదలుపెట్టారు అయ్యగారు. నోరు దేవుడితో మాట్లాడేది, కన్ను గుమ్మం దగ్గర కాపలా కాసేది. సీలయ్య పెదవి కదిలిందా లేదా, ఇప్పుడంటాడా, అసలంటాడా. ఆ ధ్యాసలో ఒకసారి ఊళ్లో నోవహు అనే కుర్రాడి పెళ్లికి అంత్యక్రియల మాటలు పడ్డాయి.

ఆ మధ్యాహ్నం చారు వడ్డిస్తూ అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, అడిగేసింది.

“ప్రార్థనలో మీరు ఒక కన్ను తెరుస్తున్నారు.”

“నువ్వెట్టా చూశావు?”

“నేను రెండూ తెరుస్తున్నాను. మీరేం చూస్తున్నారో చూద్దామని.”

అయ్యగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. సీలయ్యను ఎలాగైనా వదిలించుకోవాలని ఆ పూటే నిశ్చయించుకున్నారు. వెళ్లగొట్టడానికి వీల్లేదు, తప్పేం చేశాడని? అందుకని మూడు ఎత్తులు వేశారు.

మొదటి ఎత్తు. “సీలయ్యా, కుక్కలు చెప్పులెత్తుకుపోతున్నాయి. ఇక నుంచి నువ్వు బయట కూర్చుని చెప్పులకు కాపలా ఉండు” అన్నారు. “సరేనయ్యా” అన్నాడు సీలయ్య. బయట చెప్పుల మధ్య కూర్చున్నాడు. లోపల ప్రార్థన అయింది. అందరూ ఆమేన్ అన్నారు. అని, మెడలు వెనక్కి తిప్పారు. సంఘమంతా అయ్యగారికి వీపు చూపించి, గుమ్మం వైపు చెవులు రిక్కించింది. బయట నుంచి ఆమేన్ వచ్చింది, అందరి తర్వాత, ఒక్కటే, మెల్లగా. మరుసటి ఆదివారం గుమ్మం దగ్గర చోటు కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. ముందు చాపలు ఖాళీ.

రెండో ఎత్తు. పాటలెత్తే యోబును పిలిచారు. “ప్రార్థన అయ్యీ కాకముందే పాటెత్తుకో. నడుమ సందు ఇవ్వొద్దు” అన్నారు. యోబుది పెద్ద గొంతు. జనం ఆమేన్ అనగానే కంజీర మోగించి పాట అందుకున్నాడు. సీలయ్య మాట ఆ మోతలో మునిగిపోతుందని అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. సీలయ్య మునగలేదు. పాట అయ్యేదాకా ఆగాడు. చరణాలన్నీ అయ్యాయి, పల్లవి మళ్లీ వచ్చింది, కంజీర ఆగింది. గుడి నిశ్శబ్దమైంది. అప్పుడు, ఆ ముందటి ప్రార్థనకు, బయట నుంచి ఆమేన్ వచ్చింది. ఈసారి యోబు కూడా కళ్లు తుడుచుకున్నాడు. అయ్యగారు పళ్లు నూరారు.

మూడో ఎత్తుకు ఎత్తు అనే పేరు కూడా దండగ. సూటిగా సీలయ్య గుడిసెకు వెళ్లారు. సీలయ్య వాకిట్లో చీపుర్లు కడుతున్నాడు. అతని భార్య ఎలీసమ్మ పీట వేసి, నీళ్లిచ్చింది. అయ్యగారు తాగలేదు.

“సీలయ్యా, అందరితో పాటు అనడానికి నీకేం అడ్డం?”

“అడ్డమేం లేదయ్యా. ఆలోచించుకుంటా.”

“ఆమేన్‌కు ఆలోచనేంది? అడిగేది నేను. నువ్వు ఔననడమే గదా.”

“అంతేనయ్యా. ఔననేముందు ఆలోచించుకుంటా.”

“మరి మోషేగారి తగాదాకు ఎందుకనలా? నా ప్రార్థనలో తప్పేముంది?”

“ప్రార్థనకేమయ్యా, బాగానే ఉంది. అది నావల్ల అయ్యేది కాదు.”

అయ్యగారికి ఆ జవాబు పొగరుగా వినపడింది. కుళ్ళు పట్టినవాడికి ఏదైనా అలాగే వినపడుతుంది. పీట మీద నుంచి లేచి నిలబడ్డారు. “ఇక నుంచి నువ్వు ఆమేన్ అనొద్దు” అన్నారు.

సీలయ్య చేతిలో తాడు ఆగింది. “గుడిలోనేనా అయ్యా?”

“గుడిలో, ఇళ్లల్లో, దొడ్ల దగ్గర, సమాధుల దగ్గర. నేను ప్రార్థన చేసిన ఏ చోటైనా.”

ఎలీసమ్మ ఏదో అనబోయింది. సీలయ్య ఆమెవైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

“సరేనయ్యా” అన్నాడు సీలయ్య. కడుతున్న చీపురు ముడి బిగించి, దులిపి, అయ్యగారి చేతికిచ్చాడు. “అమ్మగారికివ్వండి. పాతది అరిగిపోయిందంట.”

గెలిచొచ్చిన అయ్యగారు చీపురు పట్టుకుని ఊరి నడుమ నుంచి ఇంటికి నడిచారు.

ఆదివారం వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆగారు. బయట చెప్పుల మధ్య సీలయ్య పెదవులు బిగించి నేల చూస్తున్నాడు. జనం ఆగుతూనే ఉన్నారు. చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. చివరికి ఒక ముసలావిడ మోకాళ్లు పట్టుకుని లేస్తే ఒక్కొక్కరే లేచారు. గుమ్మం దగ్గర “ఎంత బాగా అడిగారయ్యా” అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ మొదటి ఆదివారం అయ్యగారికి హాయిగా ఉంది. రెండో ఆదివారం ఉప్పు తక్కువైన కూరలా ఉంది. మూడో ఆదివారానికి కుళ్ళు మళ్లీ లేచి కూర్చుంది. ఎందుకంటే జనం ఇప్పుడు సీలయ్య మౌనాన్ని వింటున్నారు! ఒకప్పుడు మాట విన్నంత శ్రద్ధగా వింటున్నారు. మాట మీద కుళ్ళుకున్నారంటే అర్థముంది. మాట్లాడని మనిషి మీద కుళ్ళుకునే గతి ఎవరికైనా పట్టిందా? దైవాధీనం అయ్యగారికి పట్టింది.

ఆయన కన్ను మాత్రం అలవాటు మానలేదు. ప్రార్థన చివర గుమ్మం వైపు తెరుచుకునేది. ఆ పెదవి కదలదని తెలుసు. అయినా చూసేవారు. ఇన్నేళ్లూ తన ప్రార్థన ఎక్కడ ముగిసేదో ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడది ముగియడం లేదు. ఇంటికెళ్లాక కూడా నోట్లో మెదులుతూనే ఉంది.

ఆమేన్ అనొద్దన్న మాట వెనక్కి తీసుకుందామనుకున్నారు. ఒకరోజు బయల్దేరి వీధి మలుపు దాకా వెళ్లారు. అక్కడ ఆడవాళ్లు “మా సీలయ్య, మా సీలయ్య” అనుకుంటుంటే వినపడి వెనక్కి తిరిగారు. ఇంకోరోజు సీలయ్యనే పిలిపించారు. అతనొచ్చి నిలబడితే, నోటిదాకా వచ్చిన మాట మింగి, “గడ్డి బాగా దొరుకుతోందా?” అని అడిగి పంపేశారు. మరోరోజు గట్టిగా అనుకుని చెప్పులు తొడుక్కున్నారు. అప్పుడే ముసురు పట్టింది. వాన వెలిశాక వెళదాంలే అనుకున్నారు.

ముసురు వెలవలేదు. ఆ ముసురులోనే కళ్లు కనపడని దేవదానమ్మ గుడిసె కప్పు ఎగిరిపోయింది. ఆదివారం అయ్యగారు ఆమె కోసం ప్రార్థన చేశారు. “దేవా, ఈ తల్లి తల మీద నీడ లేదు, నీడనివ్వు” అని అడిగారు. అందరూ ఆమేన్ అన్నారు. సీలయ్య అనలేదు. మర్నాటికి దేవదానమ్మ గుడిసె మీద పచ్చి తాటాకు కప్పి ఉంది. ఆ మర్నాటికి సీలయ్యకు జ్వరమొచ్చింది.

పల్లెంతా ఆ గుడిసె ముందే ఉంది. ఒకరు కషాయం, ఒకరు గంజి, ఒకరు దుప్పటి. అయ్యగారికి కబురు వెళ్లింది. వెళ్లాలనే ఉంది ఆయనకు. వీధిలోకి వచ్చి, ఆ జనాన్ని దూరం నుంచి చూశారు. నాకు జ్వరమొస్తే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నారు. జనం తగ్గాక వస్తానని కబురు చేసి ఇంట్లోకి వెళ్లిపోయారు. జనం తగ్గలేదు. జ్వరం తగ్గలేదు. ముసురు వెలిసింది, ఎండ కాసింది, సీలయ్య పోయాడు.

వాగు పక్క సమాధుల దొడ్డికి మూడు ఊళ్ల జనం వచ్చారు. పెట్టె దించారు. అయ్యగారు చేతులెత్తారు. ఆ రోజు చేసినంత ప్రార్థన ఆయన జన్మలో చేయలేదు. మట్టి దగ్గర మొదలుపెట్టి ఆకాశం దాకా వెళ్లారు. మగవాళ్లు కూడా వెక్కివెక్కి ఏడ్చారు. అప్పుడు కూడా ఆయన ఒక కన్ను తెరిచి జనాన్ని చూశారు, చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. చివరికి, “దేవా, ఈ ఎలీసమ్మకు దిక్కెవరున్నారు? ఆమె పొయ్యి ఆరిపోనివ్వకు. ఆమెను ఒంటరిదాన్ని చేయకు” అని ముగించారు.

జనం నోళ్లు తెరిచారు.

“ఆగండి” అంది ఎలీసమ్మ. “ఎవురూ ఆమేన్ అనమాకండి.”

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె ఏడవడం లేదు.

“మా ఇంట్లో ఆ మాట ఊరికే అనరు. మా ఆయన ఆమేన్ అన్న మర్నాడు కోడి కూయకముందే లేచేవాడు. సువార్తమ్మొదినా, నీ గేదె కోసం పక్కూరికి పోయి గొల్లాయన్ని బతిమాలి తీసుకొచ్చింది ఆయనే. ఇస్సాకూ, నీ వాకిట్లో బురద తొక్కింది దేవదూత కాదయ్యా. మోకాళ్ల దాకా బురదతో వస్తే కాళ్లు కడిగింది నేను. మోషే మామా, నీకెందుకు అనలేదనుకున్నావు? మర్నాడు పోయి నీ తమ్ముడి గట్టు చెరిపే పని ఆయనకు చేతకాలా. అందుకే అందరి తర్వాత అనేవాడు. ఇది నావల్ల అవుద్దా కాదా అని చూసుకుని అనేవాడు.”

అయ్యగారి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

“మీరు అనొద్దన్నారు అయ్యగారూ. అనడం మానుకున్నాడు. పోవడం మానుకోలా. దేవదానమ్మ గుడిసెకు ఆ ముసురులో తాటాకు మోశాడు. నేను అడ్డం పడ్డా. ‘నువ్వు ఆమేన్ కూడా అనలేదు గదా, నీకెందుకు?’ అన్నా. ‘అయ్యగారు అడిగారు గదే. దేవుడికి వినపడ్డదో లేదో తెలవదు, నాకు వినపడ్డది’ అన్నాడు.”

“ఇప్పుడు నా పొయ్యి గురించి అడిగారు. అనేవాళ్లు చూసుకుని అనండి. ఊరికే అనమాకండి.”

ఎవరూ అనలేదు. సువార్తమ్మ తల దించుకుంది. ఇస్సాకు తన చేతులు చూసుకున్నాడు. ప్రతివాళ్లూ లోలోపల ఏదో లెక్క వేసుకుంటున్నారు.

దైవాధీనం అయ్యగారి సంగతి చెబుతాను. సిగ్గుపడ్డారనుకుంటారు మీరు. సిగ్గు తర్వాత వచ్చింది. ముందొచ్చింది కుళ్ళే. ఇంతకాలం ఎన్నడూ రానంత పెద్ద కుళ్ళు. నా ప్రార్థనకు గేదె ఈనింది అనుకున్నారాయన. నా ప్రార్థనకు గోడ లేచింది, నా ప్రార్థనకు కప్పు పడింది అనుకున్నారు. అవన్నీ ఆ పెట్టెలో ఉన్నవాడివి. తనకంటూ ఒక్కటీ మిగల్లేదు. చచ్చిపోయిన సీలయ్యను చూసి, అయ్యో ఆ మనిషిని నేనైతే బాగుండేది అని గుండెలు మండేంతగా కుళ్ళుకున్నారు.

ఆ మంటలోనే ఇంకో సంగతి తట్టింది. ఊరందరి కోసం తాను అడిగారు గానీ, ఎవరు అడిగినదానికీ తానెప్పుడూ ఆమేన్ అనలేదు. అయ్యగారు గదా. ఎప్పుడూ ముందు నిలబడే మనిషి గదా.

చేతులు దించారు. సమాధి ముందు నుంచి కదిలారు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. మోషేను దాటారు, యోబును దాటారు, పక్కూరి జనాన్ని దాటారు. అందరికంటే వెనక, దొడ్డి తలుపు వారగా, చెప్పుల మధ్య నిలబడ్డారు. అక్కడ నుంచి ఎలీసమ్మను పిలిచారు.

“అమ్మా, నా ప్రార్థన చెల్లదు. నువ్వు అడుగు.”

ఎలీసమ్మకు ప్రార్థన ఎక్కడ వచ్చు? కాసేపు సమాధిలోకి చూసింది. “దేవా, ఒక్కదాన్నే గడ్డి కోసుకురాలేను” అంది. అంతే అంది.

ఒక గుక్క మంచినీళ్లు మింగేంతసేపు గడిచింది. అప్పుడు వెనక నుంచి అయ్యగారు అన్నారు.

“ఆమేన్.”

ఒక్కరే అన్నారు. అంత గొప్ప గొంతు, ఆ ఒక్క మాటకు చాల్లేదు.

మర్నాడు కోడి కూయకముందే అయ్యగారు కొడవలి పట్టుకుని ఎలీసమ్మ వాకిట్లో ఉన్నారు. గడ్డి కోయడం రాక వేళ్లు కోసుకున్నారు. ఎండ ఎక్కేవేళకు, తెల్లచొక్కా నిండా గడ్డిగింజలతో, నెత్తిన మోపుతో కొండ దిగి వస్తుంటే పల్లె పల్లెంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆ మర్నాడు ఇస్సాకు వెళ్లాడు. ఆ పైన మోషే కూడా వెళ్లాడు. తనకంటే ముందు ఎవరన్నా వాకిట్లో కనపడితే అయ్యగారికి ఒళ్లు మండేది. అందుకని ఇంకా పెందలాడే లేచేవారు. కుళ్ళు పోయిందనుకుంటున్నారా? చచ్చేదాకా పోలేదు. సీలయ్య కంటే ముందు లేవాలని ముసలితనంలో కూడా చీకట్లో చెప్పులు వెతుక్కునేవారట, అమ్మగారు చెప్పేది.

ఆయన పోయారు, అమ్మగారు పోయారు, ఎలీసమ్మ పోయింది. గుడికి గంట వచ్చింది, గచ్చు వచ్చింది, మైకు కూడా వచ్చింది. ఈతలవాగులో ఇప్పటికీ ప్రార్థన చేసినవాళ్లు ఆమేన్ అనరు. ఆపేసి, తల వంచుకుని ఊరుకుంటారు. సంఘం ఒక్కసారిగా అనదు. ఇక్కడొకరు అంటారు, కాసేపాగి అక్కడొకరు అంటారు. కొన్నిటికి ఎవరూ అనరు. అన్నవాళ్లు తెల్లారేసరికి ఆ ఇంటి ముందు ఉంటారు, కొడవలో పారో పట్టుకుని. ఎవరన్నా మాటిచ్చి రాకపోతే, “ఏందిరా, ముందే అనేశావా?” అని అడుగుతారు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లకు అత్తలు మొదట నేర్పేది అదే. తొందరపడి అనొద్దమ్మా అని.

ఈ మధ్య ఆ గుడికి ఒక కొత్త అయ్యగారు వచ్చారు. మంచి గొంతు, పెద్ద చదువు. మొదటి ఆదివారమే చేతులెత్తి, జబ్బుపడ్డవాళ్ల కోసం, ఇళ్లు లేనివాళ్ల కోసం, అప్పులవాళ్ల కోసం, విధవరాళ్ల కోసం, ఊరి కోసం, దేశం కోసం, లోకం కోసం, ఒక్కటీ వదలకుండా అడిగారు. ముగించి ఆగారు. గుడి నిండా జనం. ఒక్క ఆమేన్ లేదు. కొత్త అయ్యగారి మొహం చిన్నబోయింది. నా ప్రార్థనలో ఏం తప్పు జరిగిందని, ముందు వరసలో కూర్చున్న ముసలావిణ్ని అడిగారు.

“తప్పేం లేదు నాయనా, బాగానే అడిగావు” అంది ఆమె. “అన్నీ ఒక్కసారే అడగమాక. మేము కొద్దిమందిమే ఉన్నాం.”